నాయనమ్మ నిలబెట్టిన అట్ట

నా చిన్నప్పుడు, నేను అయిదో తరగతిలో ఉన్న చలికాలం, మా నాయనమ్మ ఆరు నెలలకని న్యూజెర్సీ వచ్చి మాతో ఉంది. అప్పుడు మేం పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండేవాళ్లం. నాన్న కన్సల్టెంట్‌గా పనిచేసేవాడు. అమ్మకు డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చేసే వీల్లేదు. వారమంతా ఇంటిపని, ఆదివారం ఉదయం పిల్లలకు తెలుగు బడి, ఇదీ అమ్మ జీవితం. నాకంటే మూడేళ్లు పెద్దదైన అక్క, నేను ఆ బడిలో ముందు వరసలో కూర్చోవలసి వచ్చేది. టీచరు పిల్లలం కదా, తప్పించుకునే దారి ఉండేది కాదు.

నాయనమ్మ పల్లెటూరి టీచరు. ఒకే గది, ఒకే టీచరు ఉండే బళ్లలో ఉద్యోగమంతా గడిపి రిటైరయింది. నూలు చీర మీద నాన్న పాత స్వెట్టర్, కాళ్లకు నా బాస్కెట్‌బాల్ సాక్సులు, గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకి. ఏ పని చెప్పినా ముందు ఏది, తర్వాత ఏది, ఎందుకు అని విడదీసి చెప్పేది. నేనిప్పుడు ఇంజనీర్ని. పనిని ముక్కలు చేసి చూసే అలవాటు నాకు కాలేజీలో పట్టుబడిందని తోటివాళ్లు అనుకుంటారు. అది మా వంటింట్లో, ఆవిడ కూరలు తరుగుతూ మాట్లాడుతుంటే వచ్చింది.

ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల తెలుగు కుటుంబాలు కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నాయి. ఒక స్కూలు జిమ్‌ను ఆదివారం ఉదయం అద్దెకు తీసుకునేవారు. దానిలోనే అమ్మ బడి నడిచేది. ఆ ఏడు సంఘానికి ఎన్నికలు వచ్చాయి. ప్రెసిడెంటుగా నిలబడ్డ వాళ్లలో మా నాన్న ప్రాణస్నేహితుడు ఒకాయన. ఆయనకు బ్యాడ్మింటన్ పిచ్చి. చలికాలంలో బయట ఆడలేం కాబట్టి ఆదివారం జిమ్‌ను ఆటకు ఇచ్చేసి, తెలుగు బడిని శుక్రవారం సాయంత్రం లైబ్రరీ కింది గదికి మార్చాలని ఆయన ఆలోచన. శుక్రవారం సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చి పిల్లల్ని మళ్లీ ఎక్కడికైనా తీసుకెళ్లే ఓపిక ఎవరికుంటుంది? బడి దానంతటదే మూతపడుతుందని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఓటు కాగితాలు పోస్టులో వచ్చాయి. ఒక్కో దానిపై రెండు ప్రశ్నలు: ప్రెసిడెంటు ఎవరు, ఆదివారం జిమ్ దేనికి. సభ్యులకు తలా ఒక కాగితం. కానీ ఇంటికి ఒకే కవరు, దాని మీద నాన్న పేరే. నాన్న ఆఫీసు నుంచి వచ్చి, డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడి, రెండు కాగితాలూ ఒకే పెన్నుతో నింపేశాడు. కవరు మీద అమ్మ సంతకం కూడా తనే పెట్టాడు. కోపంగా కాదు, దొంగచాటుగా కాదు, కరెంటు బిల్లు కట్టినంత మామూలుగా. ఆయన స్నేహితులందరి ఇళ్లలో అదే పద్ధతి. ఫోనులో వాళ్లు ఓట్లను మనుషులతో కాక ఇళ్లతో లెక్కేసుకునేవారు. “ఆ ఇల్లు మనదే, రెండు వేసుకో,” అనడం నేనే విన్నాను.

అమ్మ టీ కప్పు తెచ్చి ఆ కాగితాల పక్కన పెట్టింది. చూసింది. వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాయనమ్మ కళ్లజోడు సవరించుకుంది. “ఇందులో అమ్మాయిది ఏదిరా?”

“రెండూ ఒకటేలేమ్మా.”

“ఒకటే అయితే రెండెందుకు పంపారు?”

నాన్న నవ్వి టీవీ పెట్టుకున్నాడు. “అమ్మా, ఇది అసెంబ్లీ ఎలక్షన్ కాదు. బ్యాడ్మింటన్. నువ్వు మళ్లీ బెండకాయలు తియ్యకు.”

ఆ బెండకాయల సంగతి నాకు మర్నాడు తెలిసింది. నాయనమ్మ వేపుడుకు బెండకాయలు తరుగుతోంది. తొడిమ వైపు తెగిన ముక్కను నా వాటర్‌కలర్ డబ్బాలో ముంచి పాత పేపరు మీద అద్దింది. అయిదు రేకుల పువ్వు పడింది. నాకు ముచ్చటేసి నేనూ అద్దబోతే చెయ్యి పట్టుకుంది. అది ఆట కాదట, పాఠమట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాయనమ్మకు ఎన్నికల డ్యూటీ పడిందట. మన దగ్గర టీచర్లకు అది మామూలే. ఆవిడ పని ఆడవాళ్ల వేలికి సిరా పెట్టడం. ఆ రోజు ఆవిడ రెండు సంగతులు చూసింది. భర్తలు భార్యల వెంట అట్ట తెర దాకా వచ్చి, ఆపకపోతే లోపలికి కూడా వచ్చేసేవారు. తెర వెనక్కి ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లలో కొందరేమో, ఏం చెయ్యాలో తెలియక ముద్ర రెండు చోట్ల వేసేవారు, లేదా తడి ఆరకముందే కాగితాన్ని అడ్డంగా మడిచేసేవారు. కాగితం మీద గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అడ్డంగా మడిస్తే ఒకరికి వేసిన ముద్ర కింద ఉన్న ఇంకొకరి గడిలోకి అంటుకుంటుంది. ఎవరికి వేశారో తేల్చుకోలేక ఓటు పక్కన పడేసే ప్రమాదం ఉంటుంది. నిలువుగా మడిస్తే అంటుకున్నా అదే వరసలో ఉంటుంది. నాయనమ్మ నా చేత రెండు రకాలుగానూ మడిపించి చూపించింది. ఇంత చిన్న విషయం ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నారు.

మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి నాయనమ్మ సాయంత్రాలు బడి గదిలోకి ఆడవాళ్లను పిలవడం మొదలుపెట్టింది. పాత పేపర్ల మీద బెండకాయ ముద్రలు వేయించింది, మడతలు నేర్పింది. వాళ్ల పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోమని, ఫలానా వాడి భార్య అని కాక సొంత పేరుతో ఉండాలని పట్టుబట్టింది. ఎవరికి వెయ్యాలో మాత్రం నోరెత్తి చెప్పలేదు. ఎవరైనా అడిగితే, “అది చెబితే మీ ఆయనకీ నాకూ తేడా ఏముందమ్మా?” అనేదట.

ఊళ్లో పెద్దమనిషి ఒకాయన బడికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడట. “మా ఆడవాళ్లకు మేం చెప్పుకోలేమా టీచరమ్మా? మీరు పిల్లలకు ఎక్కాలు చెప్పుకోండి,” అన్నాడట. నాయనమ్మ ఆయనకు మంచినీళ్లిచ్చి, “ఎవరికి వెయ్యాలో మీరు చెప్పుకుంటున్నారు కదండీ. ఎలా వెయ్యాలో ఒక్కటే నేను చెబుతున్నా. నా వాటా తక్కువే,” అందట. ఆ ఎన్నికలయ్యాక ఆవిడను బస్సు వెళ్లని ఊరికి బదిలీ చేశారు. అక్కడా బెండకాయలు దొరికాయి. మళ్లీ బదిలీ.

నాన్న వెనక నుంచి వింటూనే ఉన్నాడు. “నీ బెండకాయల మూలంగా నేను మూడు బళ్లు మారానమ్మా. ప్రతి బళ్లోనూ వెనక బెంచీయే,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ నవ్వులో పాత కష్టం ఉందని నాక్కూడా తెలిసింది. నాయనమ్మ ముక్కలు మూకుట్లో వేసింది.

ఆ తర్వాత నన్నూ అక్కనూ పిలిచి, రేపు ఒక ఆట ఆడదామంది. పద్ధతి ఇది: శనివారం లేచినప్పటి నుంచి నా తరఫున అక్క మాట్లాడుతుంది. నన్ను ఎవరు ఏం అడిగినా జవాబు అక్కదే. నా ఇష్టాలన్నీ అక్కకు తెలుసు కాబట్టి నాకు నష్టమేమీ లేదు. సాయంత్రం దాకా నేను నోరు మెదపకుండా ఉంటే సున్నుండలు. నాకు ఇది తేలికైన బేరంలా కనిపించింది. అక్కకైతే పండగే.

“వీడికేం కావాలో వీడికంటే నాకే బెటర్‌గా తెలుసు నాయనమ్మా,” అంది.

“అదేగా మాకు కావాల్సింది,” అంది నాయనమ్మ.

పొద్దున పాలలో ఏ సీరియల్ వెయ్యాలో అక్క చెప్పింది. సరిగ్గానే చెప్పింది. నా స్నేహితుడు ఫోను చేసి మంచు మీద జారే స్లెడ్డింగ్‌కి వస్తాడా అని అడిగితే, మధ్యాహ్నం తర్వాత వస్తాడని చెప్పింది. నేనూ అదే చెప్పేవాణ్ని. క్షవరానికి వెళితే, పక్కల పొట్టిగా, ముందు కొంచెం ఉంచమని చెప్పింది. జుట్టు కత్తిరించే ఆమె, అక్క ఇద్దరూ నా తల గురించి మాట్లాడుకుంటుంటే, అద్దంలో అది వేరేవాళ్ల తల అయినట్టు చూస్తూ కూర్చున్నాను. లైబ్రరీలో నాకు కావలసిన రైళ్ల పుస్తకాన్ని అక్కే తీసి ఇచ్చింది. కౌంటర్ దగ్గరి ఆమె నా వైపు వంగి, నీ పేరేమిటని అడిగింది. అక్క చెప్పింది. ఆమె నా మీద నుంచి చూపు తీసేసి, ఆ తర్వాత మాటలన్నీ అక్కతోనే మాట్లాడింది.

అక్క ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. తప్పు చెప్పి ఉంటే బాగుండునని పిజ్జా కొట్టుకు చేరేసరికి నాకు అనిపించడం మొదలైంది. దెబ్బలాడటానికి ఒక కారణమైనా దొరికేది. కానీ అక్క ఆలివ్‌లు లేకుండా, అంచు కరకరలాడేలా, నేను అడిగే వరసలోనే అడిగింది. నేను మహా ఇష్టమైన ఆ పిజ్జాను ఏ రుచీ తెలియకుండా తిన్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చాం. నాయనమ్మ సున్నుండల పళ్లెం పట్టుకుని, “ఎన్ని కావాలి నాన్నా?” అని అడిగింది.

“వాడికి రెండు,” అంది అక్క.

నాకు కావలసింది రెండే. ఏడుపు తన్నుకొచ్చింది. సున్నుండలు ముందు పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

నాన్న సోఫాలోంచి లేచి వచ్చాడు. “ఏరా, అక్క తప్పు చెప్పిందా?”

“లేదు.”

“రెండు వద్దా?”

“రెండే కావాలి!”

“మరి ఎందుకురా ఏడుపు?”

“బికాజ్ నేను చెప్పాలి! నాది నేను చెప్పాలి డాడీ! అక్క రైట్ చెప్తే కూడా నేనే చెప్పాలి!”

అక్క ముఖం చిన్నబోయింది. నాయనమ్మ నన్ను దగ్గరకు లాక్కుని కళ్లు తుడిచింది. ఆటకు నేను ఒప్పుకున్నానే కానీ, ఆ ఆట నా కోసం కాదని నాకు అప్పుడు తెలియదు. ఆవిడ నా తల మీదుగా నాన్నను చూసి, “విన్నావా అబ్బాయ్?” అంది. అంతే.

నాన్న టేబుల్ మీది కవరు వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ కూడా దాని వైపే చూస్తోంది. ఆమె పడ్డ శ్రమ అంతా, ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ, ఆ కవరులో ఆమె మాటగా ఎవరో రాసిన గీత కింద ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే తలుపు తట్టారు. ప్రెసిడెంటుగా నిలబడ్డ అంకుల్ కవర్లు వసూలు చేసుకుంటూ వచ్చాడు. జాకెట్ మీది మంచు దులుపుకుంటూనే, “చెల్లెమ్మా, టీ. ఒరేయ్, రెండూ రెడీనా? మీదే లాస్ట్ ఇల్లు,” అన్నాడు.

నాన్న కవరు చేతిలోకి తీసుకున్నాడు. ఇవ్వలేదు. “నాది ఇస్తాన్రా. ఆవిడది ఇవ్వను. అది నేను నింపాను.”

“అందరం నింపేదే కదరా! మా ఆవిడైతే ఆ కవరు మొహం కూడా చూళ్లేదు.” అంకుల్ నాయనమ్మను చూసి నమస్కారం పెట్టాడు. “టీచరుగారూ, వచ్చీరాగానే మా ఓట్లు కోసేస్తున్నారే!”

“నేనేం కొయ్యలేదు నాయనా. నాకు ఇక్కడ ఓటే లేదు. సున్నుండ తిను.”

నాన్న కవరు చింపి, అమ్మ కాగితం తీసి, నిలువునా రెండుగా చించాడు. పాడైన కాగితం తెచ్చిస్తే ఎన్నికల రోజు హాల్లో కొత్తది ఇస్తామని దాని అడుగునే అచ్చు వేసి ఉంది. చించిన ముక్కలు రెండూ అమ్మ చేతికిచ్చాడు. సారీ అనలేదు. ఆయన ముఖం చూస్తే అనవలసిన అవసరమూ కనిపించలేదు.

“అయిపోయాను. క్లాసు కోసమేగా చెల్లెమ్మా?” అన్నాడు అంకుల్. “మీది మాకు పడదని ఇప్పుడే కొట్టేసుకుంటాలే.”

అమ్మ టీ కప్పు అందించింది. “మీరు వేసుకోనూ వద్దు, కొట్టెయ్యనూ వద్దు అన్నయ్యగారూ. రేపటిదాకా ఆగండి.”

అమ్మ ఆ గొంతుతో మాట్లాడటం నేను బడిలో తప్ప ఎక్కడా వినలేదు.

మర్నాడు జిమ్‌లో బాస్కెట్‌బాల్ బుట్ట కింద ఒక మడత బల్ల, దాని మీద ఓట్లు వెయ్యడానికి టేపు అంటించిన అట్టపెట్టె. చాలామంది కవర్లు ముందే వచ్చేశాయి. మిగిలినవాళ్లు బల్ల చుట్టూ గుంపుగా నిలబడి నింపుతున్నారు. భర్త ఒకచోట వేలు పెట్టి చూపిస్తే భార్య అక్కడ గీత గీస్తోంది. అమ్మ చించిన ముక్కలు ఇచ్చి కొత్త కాగితం తీసుకుంది. నాన్న అలవాటుగా పక్కనే నిలబడ్డాడు. అంకుల్ ఇంకో పక్క. నలుగురూ అమ్మ చేతి వంక చూస్తున్నారు, టీచరు ఏం చేస్తుందోనని.

నాయనమ్మ బడి సామాను పెట్టే మూలకు వెళ్లి నన్ను పిలిచింది. అక్కడ సైన్స్ ఫెయిర్‌కు వాడే మూడు మడతల అట్ట ఉంది. అమ్మ దాని మీద గుణింతాలు అంటించి పిల్లలకు చూపించేది. ఇద్దరం మోసుకొచ్చి దాన్ని ఇంకో బల్ల మీద నిలబెట్టాం. నాయనమ్మ దాని పక్కనే కుర్చీ వేసుకుని, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చుంది. ఎన్నికల డ్యూటీలో అచ్చం అలాగే కూర్చునేదనుకుంటాను.

“దీని వెనక ఒక్కరే,” అంది.

“అమ్మా, మనవాళ్ల ఎలక్షనే కదండీ, ఇంత స్ట్రిక్టా?” అన్నాడు ఓట్లు చూసే పెద్దాయన.

“మనవాళ్లదనే నాయనా.”

అమ్మ అట్ట వెనక్కి వెళ్లింది. నాన్న రెండడుగులు వెంట వెళ్లి, అట్ట అంచు దగ్గర ఆగిపోయి, వెనక్కి తిరిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. బల్ల కింద అమ్మ మంచు బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. చాలాసేపు అవి కదల్లేదు. ఎవరో, “టీచరుగారు ఎగ్జామ్ రాస్తున్నారా?” అన్నారు. నవ్వులు లేచాయి. బూట్లు ఇంకా కదల్లేదు. నాయనమ్మ ఎవరినీ కసరలేదు. గడియారం కూడా చూసుకోలేదు. అమ్మకు ఎంతసేపు కావాలో అంతసేపూ ఆ కుర్చీలో కూర్చుంది.

అమ్మ కాగితం మడిచి బయటకు వచ్చింది, పెట్టెలో వేసింది. అది చూసి, అంకుల్ భార్య తన భర్త దగ్గరికి వెళ్లి అందరి ముందూ అడిగింది. “నాది ఏదండీ?” ఆయన జాకెట్ జేబులన్నీ తడుముకున్నాడు. అప్పటికే ఇచ్చేశాడని అందరికీ తెలుసు. “వెతికి ఇప్పించండి. నేనూ ఆ అట్ట వెనక్కి వెళ్లొస్తా,” అంది ఆంటీ. ఆమె తర్వాత మరొకరు. ఇంకొకరు. పెద్దాయన తలపట్టుకుని కవర్ల కట్ట విప్పవలసి వచ్చింది. మా బడి పిల్లలందరం గోడకు ఆనుకుని, మా అమ్మలు వరసగా నిలబడటం చూశాం. ఆ రోజు క్లాసు జరగలేదు. జరగలేదని ఎవరికీ బాధ లేదు.

అంకుల్ గెలిచాడు. ఆదివారం జిమ్ మాత్రం బడికే ఉండిపోయింది. ఆయన అది సరదాగానే తీసుకున్నాడు. నాన్న భుజం మీద చెయ్యి వేసి, “ఇక మీదట ఇళ్లు లెక్కపెట్టకూడదురా,” అన్నాడు. చలికాలం ఆటకు వేరే ఊళ్లో ఒక కోర్టు వెతుక్కున్నారు.

ఇంటికి వస్తుంటే నాన్న డ్రైవ్ చేస్తూ, “క్లాసుకేగా వేశావ్?” అన్నాడు. వెనక సీటులో నాయనమ్మ చిన్నగా దగ్గింది. నాన్న నవ్వేసి, హీటర్ పెంచాడు. అమ్మ కిటికీలోంచి రోడ్డు పక్కన కుప్పలు పోసిన మంచును చూస్తూ ఉండిపోయింది.

నాకిప్పుడు ఉద్యోగం ఉంది, మీటింగులు ఉన్నాయి. పక్క టీమ్ అమ్మాయి ఏమంటుందని నన్ను అడిగితే, ఆమె ఏమంటుందో నాకు తెలిసినా, ఆమెనే అడగమంటాను. ఒక్క నిమిషం ఆలస్యమవుతుంది. ఆ నిమిషం నాకు ఎప్పుడూ దండగ అనిపించలేదు.

చాలా ఏళ్లు నేను అమ్మ బడికే వేసి ఉంటుందని ధీమాగా ఉన్నాను. తర్వాత ఒకసారి అమ్మ ఎవరితోనో ఫోనులో, ఒక్క ఆదివారమైనా పొద్దెక్కేదాకా పడుకుంటే ఎంత బాగుంటుందో అని చెప్పుకోవడం విన్నాను. ఆ రోజు ఆ బూట్లు అంతసేపు కదలకుండా ఎందుకున్నాయో అప్పటి నుంచి నాకు ఖాయంగా తెలియకుండా పోయింది. అడిగితే చెబుతుందేమో. నేను అడగలేదు. నాన్నా అడగలేదు. అమ్మ గురించి నాకు ఎన్నో తెలుసు. వాటన్నిటికంటే, నాకు తెలియని ఈ ఒక్కటీ నేను భద్రంగా దాచుకున్నాను.